కోపిష్టి చేపల కాపురానికి ఇరుగుపొరుగు

గాజుతొట్టెలో రంగుచేపలు పెంచే సరదా మీలో కొందరికైనా వుండే వుంటుంది. చేపల దుకాణంలో బూడిదరంగు ఒంటి మీద నల్లటి నిలువుచారలున్న చేప ఒకటి దొరుకుతుంది. దాని పేరు కాన్విక్ట్. అంటే ఖైదీ అని అర్థం. పూర్వం కొన్ని దేశాల్లో ఖైదీలు తొడిగే చారల దుస్తులను గుర్తుకు తెస్తుంది కాబట్టి దానికా పేరు వచ్చింది. ఇలాంటివి రెండు కొని, గప్పీలూ గౌరామీలూ వున్న తొట్టెలో వదిలారనుకోండి. కొన్నాళ్లు ఏ గొడవా వుండదు. ఒకనాటి ఉదయం చూసేసరికి మిగతా చేపలన్నీ పైన ఒక మూలకు చేరి బిక్కుబిక్కుమంటూ వుంటాయి. కొన్నిటి తోకలు చిరిగిపోయి వుంటాయి. ఒకటో రెండో చచ్చి తేలుతూ వుంటాయి.

'ఈ చేపలకు పిచ్చి పట్టింది' అనుకుంటారు చాలామంది. పిచ్చీ కాదు, పాడూ కాదు. తొట్టెలో బోర్లించిన కుండపెంకు కిందికి జాగ్రత్తగా తొంగి చూడండి. పెంకు లోపలివైపు సన్నటి గుడ్లు అంటుకుని వుంటాయి. ఆ రెండు చేపలూ తల్లిదండ్రులయ్యాయన్నమాట!

మన చెరువుల్లో పెరిగే బొచ్చె, రోహు చేపల సంగతి చూడండి. అవి లక్షల కొద్దీ గుడ్లు పెట్టి, తమ దారిన తాము పోతాయి. అన్ని లక్షల్లో ఏ కొద్దివో బతికి పెద్దవైతే చాలు, వంశం నిలుస్తుంది. కాన్విక్ట్ చేప పెట్టేది ఒకటి రెండు వందల గుడ్లే. అంచేత వాటిని కాపలా కాయక తప్పదు. గుడ్ల సంఖ్య తక్కువైన కొద్దీ సంరక్షణ ఎక్కువ కావడం జంతు ప్రపంచంలో చాలాచోట్ల కనిపించే విషయమే.

కాన్విక్ట్ చేప సిక్లిడ్ అనే పెద్ద కుటుంబానికి చెందినది. మధ్య అమెరికా దేశాల వాగుల్లో, సరస్సుల్లో రాళ్ల మధ్య నివసిస్తుంది. ఏంజెల్ చేప, ఆస్కార్, 1952లో మన దేశానికి తెచ్చిన తిలాపియా, ఇవన్నీ దాని జ్ఞాతులే. ఆడ కాన్విక్ట్‌ను గుర్తుపట్టడం తేలిక. మగదానికంటే చిన్నదిగా వుంటుంది, పొట్ట మీద నారింజరంగు మెరుస్తుంది. నీటి ఉష్ణోగ్రత 26, 27 డిగ్రీల సెల్సియస్ వుంటే సుమారు మూడు రోజుల్లో గుడ్లు పగులుతాయి. అప్పటికి పిల్లలకు ఈత రాదు. తల్లిదండ్రులు ఇసుకలో చిన్న గుంటలు తవ్వి, పిల్లలను నోటితో తీసుకువెళ్లి అందులో వుంచుతాయి. మరో నాలుగైదు రోజులకు పిల్లలు మబ్బులా గుంపుకట్టి ఈదుతాయి. ఆడచేప గుంపును అంటిపెట్టుకుని వుంటే, మగచేప ఎక్కువగా పొలిమేర కాస్తుంది. అడుగున పడివున్న ఆకులను పైకెత్తి, వాటి కింది సూక్ష్మజీవులను పిల్లలకు అందేట్లు చేస్తాయి కూడా! ఈ కాపలా నెలరోజులకు పైగానే సాగవచ్చు.

మరి వాగులో ఇంత రక్తపాతం వుండదు గదా, తొట్టెలోనే ఎందుకు వస్తుంది? వాగులో పరాయి చేప దగ్గరకు రాగానే మగచేప తరుముతుంది. అది నాలుగడుగులు పారిపోతుంది. పొలిమేర దాటగానే మగచేప వెనక్కు తిరుగుతుంది. తగవు అక్కడితో సరి. ఇప్పుడు రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు వున్న తొట్టెను తీసుకోండి. గుడ్లున్న చోటు నుంచి ప్రతివైపూ ఒక అడుగు మేర తమదేనని ఆ జంట అనుకుంటే, తొట్టె మొత్తం వాటి రాజ్యమే! పారిపోయే చేప గాజుకు కొట్టుకుని ఆగిపోతుంది. పారిపోనందుకు మళ్లీ దెబ్బలు తింటుంది. తరమడానికి ముగింపు లేకపోవడమే అసలు చిక్కు.

'అయితే జంటను ఒంటరిగా వుంచేస్తే సరిపోతుంది గదా!' అని మీరు అనవచ్చు. మా తరగతిలో కూడా ఎవరో ఒకరు ప్రతిసారీ ఈ మాట అంటారు. ఆలోచన మంచిదే. చాలా జంటలు ఒంటరిగా వుంటే హాయిగానే పిల్లలను పెంచుతాయి. కాని కొన్ని జంటల్లో వింత జరుగుతుంది. తరమడానికి పరాయివారెవరూ లేకపోతే మగచేప తన ఆడచేపనే తరమడం మొదలుపెడుతుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్లు! తప్పించుకునే చోటు లేకపోతే ఆడచేప చచ్చిపోవచ్చు కూడా.

ఈ సంగతిని ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు కొన్రాడ్ లోరెంజ్ 1963లో వెలువడిన తన పుస్తకంలో వివరించాడు. జంతువుల ప్రవర్తన మీద చేసిన కృషికి 1973లో నోబెల్ బహుమతి పంచుకున్న ముగ్గురిలో ఆయన ఒకరు. ఆయన ఉదాహరణగా తీసుకున్నది మన దక్షిణ భారతంలో, శ్రీలంకలో వుండే పసుపుపచ్చని సిక్లిడ్ చేపను. కేరళలో దీన్ని పల్లత్తి అంటారు. ఒక తొట్టెకు మధ్యలో గాజుపలక అడ్డం పెట్టి, రెండువైపులా ఒక్కొక్క జంటను వుంచితే, పొరుగు జంటలు గాజుకు అటూ ఇటూ నిలిచి బెదిరించుకుంటాయి. ఎవరికీ దెబ్బ తగలదు. ఇంట్లో భార్యాభర్తలు మాత్రం సఖ్యంగా వుంటాయి. కొన్నాళ్లకు గాజు మీద నాచు పెరిగి పొరుగువారు మసకబారిపోతారు. అప్పుడు మగచేప ఆడచేప మీద విసుక్కోవడం మొదలవుతుంది. నాచు తుడవగానే మళ్లీ పొరుగువారితో తగవు, ఇంట్లో శాంతి! ఎంత తమాషాగా వుందో చూశారా?

కాబట్టి కొన్ని జంటలకు పొరుగు వుండడమే మేలు. అయితే ఆ పొరుగు దెబ్బలు తినకుండా బతకగలిగి వుండాలి. ఎలాంటి చేపను ఎంచుకోవాలి? అందంగా వుందనో, చవకగా వచ్చిందనో ఎంచుకుంటే పాపం దాని ప్రాణం మీదికి వస్తుంది. మొదట చూడవలసింది అది నీటిలో ఏ అంతస్తులో తిరుగుతుందన్నది. కాన్విక్ట్ జంట కాపురం అడుగున. కాబట్టి పైభాగాన తిరిగే చేప కావాలి. రెండోది వేగం. మూడోది పరిమాణం. నోట్లో పట్టేంత చిన్నదైతే ఆహారమైపోతుంది. రూపం సంగతి కూడా వుంది. తమను పోలిన చేప కనిపిస్తే వాటికి పోటీదారు వచ్చినట్లే వుంటుంది, కోపం హెచ్చుతుంది.

ఈ లెక్కన నాకు అన్నిటికంటే నచ్చేది జెయింట్ డేనియో. మన దేశపు కొండవాగుల్లోనూ వుండే చేప ఇది. వెండిరంగు ఒంటి మీద నీలిగీతలతో, క్షణం నిలవకుండా పైపైన గుంపుగా ఈదుతుంది. ఒకటో రెండో వుంటే జంట కోపమంతా వాటి మీదే పడుతుంది. ఎనిమిదో పదో వుంటే దేన్ని తరమాలో మగచేపకు తేలదు! అవి ఎగిరి బయట పడే రకం, తొట్టెకు మూత తప్పనిసరి. ఇలా పైన నిర్భయంగా తిరిగే చేపల వల్ల మరో లాభం వుంది. అవి బెదరకుండా తిరుగుతుంటే, ఆపద లేదని గ్రహించి పిరికి సిక్లిడ్‌లు కూడా చాటునుంచి బయటికి వస్తాయి. దీన్ని అమెరికా శాస్త్రజ్ఞుడు జార్జ్ బార్లో 1968లో తన వ్యాసంలో వివరించాడు.

గప్పీ మరీ చిన్నది. ఏంజెల్, గౌరామీ నెమ్మదిగా కదిలేవి, వాటి పొడవైన రెక్కలు చిరిగిపోతాయి. బంగారు చేపకు చల్లని నీరు కావాలి, పైగా అదీ నెమ్మదైనదే. చాలామంది దుకాణదారులు 'తొట్టె శుభ్రం చేస్తుంది' అంటూ అంటగట్టే సక్కర్ చేప సంగతి వేరు. దాని ఒంటి మీద గట్టి కవచం వుంది నిజమే. కాని అది తిరిగేది అడుగునే, అదీ రాత్రివేళ. చీకట్లో గుడ్లు కనిపిస్తే తినేస్తుంది. పిల్లల కోసం పెంచే తొట్టెలో దానికి చోటివ్వకపోవడమే మంచిది.

తొట్టె మాటేమిటి? నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు వుంటే 9 ఘనపుటడుగులు. ఒక ఘనపుటడుగుకు సుమారు 28 లీటర్లు. లెక్కవేయండి, 250 లీటర్ల పైనే! ఇసుక పోసి, పైన కొంత ఖాళీ వదిలినా 200 లీటర్లు మిగులుతుంది. పొరుగువారితో కలిపి పెంచాలంటే ఇంతకు తగ్గించవద్దు. ఆ నీరే 200 కిలోల బరువు. బల్ల గట్టిదో కాదో ముందే చూసుకోండి. ఒక చివర కుండపెంకులు పెట్టి, రెండో చివర దట్టంగా రాళ్లు పేర్చండి. పొరుగు చేపలను ముందు వదిలి, వారం పదిరోజుల తరువాత జంటను వదలాలి. ముందు వచ్చినవారికే చోటు మీద హక్కు ఎక్కువ అన్న న్యాయం చేపల్లోనూ వుంది!

తరువాత రోజూ గమనించాలి. ఏ చేపయినా తిండికి రాకుండా మూలన నక్కితే, తోక చిరిగితే, ఆ రోజే వేరే తొట్టెలోకి మార్చండి. రేపు చూద్దాంలే అనుకుంటే రేపటికి అది వుండకపోవచ్చు. ఆడచేపే దెబ్బలు తింటుంటే, ఆడచేప మాత్రమే దూరగల రంధ్రమున్న పలకను అడ్డం పెట్టవచ్చు. అది ఇష్టమైనప్పుడు ఇటు వస్తుంది, భయం వేస్తే అటు పోతుంది.

పిల్లలు వందకు పైగా పెరిగితే ఏం చేయాలో ముందే ఆలోచించుకోవాలి. తీసుకునే దుకాణం వుందో లేదో అడిగి వుంచుకోండి. లేదా జంటను విడదీసి పెంచండి. ఎంతమాత్రం చెరువులో, కాలవలో వదలవద్దు. అలా వదిలిన సక్కర్ చేపలు ఇప్పటికే మన నదుల్లో, చెరువుల్లో పెరిగి జాలరుల వలలు చింపుతున్నాయి.

ఇలాంటి తొట్టె మీ ఇంట్లోనో బడిలోనో వుంటే ఒక పని చేయండి. అడుగుకు దగ్గరగా, గాజు బయటివైపు, రెండేసి అంగుళాలకు ఒక గీత వచ్చేట్లు కాగితపు పట్టీ అతికించండి. మగచేప పరాయి చేపను తరిమి ఏ గీత దగ్గర వెనక్కు తిరిగిందో రోజూ పావుగంటసేపు రాసుకోండి. గుడ్లు పెట్టక ముందు ఎంత దూరం, పెట్టాక ఎంత, పిల్లలు ఈదడం మొదలుపెట్టాక ఎంత? ఆ అంకెలతో గ్రాఫు గీస్తే మగచేప పొలిమేర ఎప్పుడు పెరిగిందో, ఎప్పుడు తగ్గిందో మీకే కనిపిస్తుంది.