చెరువు నీరు, పిల్లల త్రాగునీరు

శ్రీరంగాపూర్ వెళ్లినవారు మొదట చూచునది రంగసముద్రము. వనపర్తి సంస్థానాధీశులు 18వ శతాబ్దిలో కట్టించిన రంగనాయకస్వామి ఆలయము ఈ చెరువు చెంతనే కలదు. ఇంత నీరున్నచోట త్రాగునీటి చర్చ ఏల యని కొందరికి తోచవచ్చును. పైరుకు పనికివచ్చు నీరెల్ల పసివాని గొంతుకకు పనికిరాదు.

మన పెద్దలెరిగిన నారికురుపునే చూతము. ఉర్దూలో దీనిని నారూ అందురు. పుండుకాలితో రోగి దిగుడుబావిలో దిగినపుడు పురుగు తన పిల్లలను నీటిలో విడుచును. సైక్లాప్స్ అను అతిచిన్న జీవి వానిని మ్రింగును. ఆ నీటిని వడకట్టక త్రాగిన పిల్లవాని ఒంట పురుగు ఏడాదిపాటు పెరిగి, ఒక్కొక్కప్పుడు రెండు మూరల పొడవున, తరచు కాలినుండియే వెలువడును. పుల్లకు చుట్టి రోజుకు కొంచెముగా లాగవలసినదే. ఇన్నాళ్లు బడి ఎట్లు సాగును? దీనికి మందు లేదు, టీకా లేదు. 1983-84లో ఆరంభమైన జాతీయ కార్యక్రమము ఆంధ్రప్రదేశ్‌తో సహా పలు రాష్ట్రములలో దిగుడుబావులను చేదబావులుగా మార్పించినది, చేతిపంపులు వేయించినది, నీటిని గుడ్డతో వడకట్టుట నేర్పినది. భారతదేశమున చివరి రోగి 1996లో రాజస్థాన్‌లో కనిపించెను. 2000లో దేశము ఈ వ్యాధినుండి విముక్తమైనట్లు ప్రకటింపబడినది. ఇంతటి విజయములో గుడ్డపేలికకును భాగము కలదనుట మనము మరువరాదు.

అయితే బోరునీటికి వేరొక చిక్కు కలదు. నల్లగొండ పేరు చెప్పగనే స్ఫురించు ఫ్లోరైడు రాతిపొరలనుండి నీటిలో కరగును. దీనివలని వ్యాధిని 1937లోనే నాటి నెల్లూరు జిల్లాలో గుర్తించిరి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదు. రంగు, వాసన లేవు. కాచిన పోదు సరిగదా, నీరు ఆవిరియైనకొలది చిక్కనగును. పండ్ల పింగాణి ఏర్పడు ఎనిమిదేండ్లలోపు పిల్లలకే మచ్చలు పడును. పటిక, సున్నముతో దీనిని తగ్గించు పద్ధతికి నల్లగొండ పేరే పెట్టిరి.

2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ నదీజలమును శుద్ధిచేసి ఇంటింటి నల్లాకు చేర్చ సంకల్పించినది. మేలైన పనియే. కాని శుద్ధికేంద్రముననే పరీక్ష ముగిసినదనుకొనుట పొరపాటని మా అభిప్రాయము. సరఫరా ఆగినపుడు పగిలిన గొట్టము చుట్టునున్న మురుగును లోనికి పీల్చును. కావున బడి నల్లావద్దనే చూడవలెను: గాజుగొట్టములోని నీటికి కొన్ని చుక్కల రసాయనము కలిపిన, క్లోరిన్ ఉన్నచో పసుపురంగు వచ్చును. కనీసము లీటరుకు 0.2 మిల్లీగ్రాములు ఉండవలెను. ఈ పరీక్షకు అయిదు నిమిషములు చాలును. తొమ్మిదవ తరగతి బాలిక కూడ చేయగలదు.