సుధకు పెదనాన్న ఉత్తరం

విశాఖపట్నం

సుధా,

మీ అమ్మ నిన్న ఫోన్లో ఒకటే గోల. మూడో అధ్యాయంలో ఒక పేరా పెంచమని గైడు అన్నారట, పెంచితే విషయసూచికలో పేజీ నంబర్లన్నీ మళ్ళీ దిద్దుకోవాలని నీకు నిద్ర పట్టడం లేదట. పేరా పెంచడానికి భయపడితే ఇక సిద్ధాంతగ్రంథం ఎందుకమ్మా?

నువ్వు పంపిన వర్డ్ ఫైల్లో పేరా గుర్తులు కనిపించేలా పెట్టి చూశాను. అధ్యాయం అయిపోగానే కొత్త పేజీ కోసం ఎంటర్ల మీద ఎంటర్లు! కంట్రోల్, ఎంటర్ కలిపి ఒక్కసారి నొక్కితే పోయేదానికి. సరే, అది చిన్న విషయం. శీర్షికల సంగతి చూశాకే నా ప్రాణం ఉసూరుమంది. ఒక్కోదాన్నీ సెలెక్ట్ చేసి, బోల్డ్ కొట్టి, సైజు పెంచావు. మన కంటికి అది శీర్షికే, వర్డ్‌కి మాత్రం లావు అక్షరాల మామూలు పేరా. ఇక విషయసూచిక ఎక్కణ్ణుంచి తెస్తుంది? అధ్యాయం పేరు మీద కర్సర్ పెట్టి స్టైల్స్‌లో హెడింగ్ 1 నొక్కు, లోపలి శీర్షికలకు హెడింగ్ 2. ఆ రూపం నచ్చకపోతే స్టైల్‌నే మాడిఫై చెయ్యి, గ్రంథమంతా ఒక్కసారే మారుతుంది. తెలుగుకి ఫాంటూ సైజూ ‘కాంప్లెక్స్ స్క్రిప్ట్స్’ కింద విడిగా ఇవ్వాలి, మరిచిపోకు. ఆ తర్వాత రెఫరెన్సెస్‌లోంచి టేబుల్ ఆఫ్ కంటెంట్స్ పెట్టు. ఎన్ని పేరాలు పెంచినా దానిమీద క్లిక్ చేసి ఎఫ్9 కొడితే నంబర్లు అవే సర్దుకుంటాయి.

పేజీ నంబర్లకే నువ్విలా హడలిపోతే ఎలా, యూనివర్సిటీ దగ్గర నేను థీసిస్‌లు టైపు కొట్టే రోజుల్లో ఫుట్‌నోట్ అంటేనే హడలు. అంచున పంక్తుల అంకెలు వేసిన కాగితం వెనక పెట్టుకుని, కింద ఎంత చోటు వదలాలో ముందే లెక్క కట్టాలి. లెక్క తప్పిందా, కార్బన్ కాపీలతో సహా పేజీ చెత్తబుట్టలోకే. మీ నాన్న పక్కన కూర్చుని చదివి పెట్టేవాడు, మధ్యమధ్య బజ్జీల నూనె చేతులతో కాగితాలు ముట్టుకుని తిట్లు తినేవాడు. ఇప్పుడు నీ డాక్టరేట్ గురించి చెబుతుంటే వాడి గొంతు ఎలా మారిపోతుందో నువ్వు గమనించావో లేదో.

ఇక పేజీ నంబర్ల సంగతి. ముందు పేజీలకు రోమన్ అంకెలు, అధ్యాయాలకు 1 నుంచి కావాలంటే కంట్రోల్, ఎంటర్‌తో వచ్చే పేజ్ బ్రేక్ చాలదు. సెక్షన్ బ్రేక్ వేసి, ఫుటర్‌లో ‘లింక్ టు ప్రీవియస్’ తీసెయ్యాలి.

అసలు ఫైలు ముట్టుకోకు తల్లీ, కాపీ తీసుకుని దానిమీద చెయ్యి. ముందు శీర్షికలే, మిగతావన్నీ తర్వాత. ఎక్కడైనా ఆగిపోతే మొహమాటపడకుండా ఫోన్ చెయ్యి, రాత్రి పదకొండు దాకా మెలకువగానే ఉంటాను.

నీ పెదనాన్న