తూనీగ రెక్క ఎందుకు వంగుతుంది?

(సైన్సు వ్యాసం)



వానలు పడ్డాక మన గ్రౌండు మీద తూనీగలు గుంపులుగా తిరగటం అందరూ చూసే ఉంటారు. గాలిలో ఒకే చోట నిలబడతాయి. ఉన్నట్టుండి పక్కకి తిరుగుతాయి. రెక్క గట్టిగా ఉంటేనే బాగా ఎగరొచ్చని చాలామంది అనుకుంటారు. కాని తూనీగ రెక్క వంగుతుంది కాబట్టే అంత బాగా ఎగురుతుంది. అదెలాగో చూద్దాం.

రెక్కలో కండ లేదు

పక్షి రెక్కలో, గబ్బిలం రెక్కలో ఎముకలు, కండరాలు ఉంటాయి. పురుగు రెక్క లోపల కండరాలు ఉండవు. అవి రొమ్ము భాగంలో, రెక్క మొదట్లో ఉంటాయి. తూనీగ తన 4 రెక్కలను విడివిడిగా ఆడించగలదు. సెకనుకు సుమారు 30 సార్లు కొడుతుంది. మొదట్లో కండరాలు రెక్కను కొంత తిప్పుతాయి. చివరి దాకా ఎంత వంగాలి, ఎంత మెలి తిరగాలి అనేది గాలిని బట్టి, రెక్క కట్టుబడిని బట్టి జరుగుతుంది.

రెక్క కట్టుబడి

1. ముందు అంచు: లావు ఈనెలతో గట్టిగా ఉంటుంది. వెనక అంచు పల్చగా, మెత్తగా ఉంటుంది.

2. మడతలు: రెక్క బల్లపరుపుగా ఉండదు, విసనకర్రలాగా మడతలు ఉంటాయి. అందుకే పొడుగున తొందరగా వంగదు, కాని మెలి తిరుగుతుంది.

3. రెసిలిన్: ఈనెలు కలిసే కొన్ని చోట్ల రబ్బరు లాంటి ఈ ప్రోటీన్ ఉంటుంది. 1960లో డెన్మార్క్ శాస్త్రవేత్త టార్కెల్ వీస్-ఫో దీని గురించి చెప్పాడు. సాగదీసి వదిలితే, పెట్టిన శక్తిలో నూటికి 95 వంతులకు పైగా తిరిగి ఇస్తుంది.

4. మచ్చ: రెక్క కొన దగ్గర ముదురు రంగు మచ్చ ఉంటుంది కదా, అది అందానికి కాదు. అది చుట్టుపక్కల భాగం కంటే బరువు. రెక్క ఆడించకుండా గాలిలో జారేటప్పుడు రెక్క టపటపా వణకకుండా ఆపుతుంది.

వంగితే లాభం ఏమిటి?

న్యూటన్ మూడవ సూత్రం మనకు పాఠంలో ఉంది. గాలిని కిందికి నెడితే గాలి మనల్ని పైకి నెడుతుంది. అట్టముక్కను పడుకోబెట్టి కిందికీ పైకీ ఊపితే, దిగేటప్పుడు వచ్చిన లాభం ఎక్కేటప్పుడు పోతుంది. తూనీగ రెక్క అలా కాదు. గట్టి అంచు ముందు పోతుంది, మెత్తని అంచు వెనకబడుతుంది. దానితో రెక్క ఏటవాలుగా మెలి తిరుగుతుంది. దిగేటప్పుడు గాలిని నెడుతుంది, ఎక్కేటప్పుడు గాలిని కోసుకుంటూ పోతుంది.

మరీ మెత్తగా ఉన్నా లాభం లేదు. తడిసిన కాగితంతో విసురుకుంటే గాలి రాదు కదా! ఎక్కడ గట్టిగా ఉండాలో అక్కడ గట్టిగా, ఎక్కడ వంగాలో అక్కడ మెత్తగా ఉండాలి.

చేసి చూడండి

నోటుబుక్ కాగితం ఒక అంచుకి చీపురుపుల్ల అతికించండి. పుల్ల పట్టుకుని కిందికీ పైకీ ఊపండి. రెండో అంచు వెనకబడి వంగుతుంది. ఆ అంచు వెనక ఒక దారం వేలాడదీయండి. దారం వెనక్కి కదులుతుంది. తర్వాత అదే సైజు అట్టతో చేసి తేడా చూడండి.

శాస్త్రవేత్తలు ఏం చేశారు?

బంబుల్ బీ అనే పెద్ద తేనెటీగ రెక్కలో వంగే కీలు ఒకటి ఉంది. అమెరికాలో మౌంట్‌కాసిల్, కూంబ్స్ అనే శాస్త్రవేత్తలు ఆ కీలు మీద చిన్న మెరుపు ముక్క అతికించి వంగకుండా చేశారు. విరిగిన చేతికి బద్ద కట్టినట్టు అన్నమాట. అప్పుడు దాని ఎత్తే బలం నూటికి 8.6 వంతులు తగ్గింది. ఈ సంగతి 2013లో ప్రకటించారు. అంతకుముందు 2010లో కూంబ్స్ బృందం తూనీగలను పరీక్షించింది. రెక్క అరిగి చిరిగిన తూనీగలు ఈగలను సరిగ్గా పట్టలేకపోయాయి.

ఇది మనకెందుకు?

మనలో కొందరు తూనీగ తోకకి దారం కట్టి ఆడతారు. రెక్కలు పట్టి లాగుతారు. రెక్క పొర చాలాచోట్ల మిల్లీమీటరులో వెయ్యో వంతులు రెండో మూడో ఉంటుంది, అంతే. మన గోరు తగిలితే చిరుగుతుంది. రెక్కలొచ్చిన తూనీగ మళ్ళీ కుబుసం విడవదు. అందుకని చిరిగిన రెక్క మళ్ళీ రాదు. మన జుట్టులాగా, గోరులాగా పెరగదు.

తూనీగ దోమలను తింటుంది. దాని పిల్లలు నీళ్ళలో ఉండి దోమ పిల్లలను తింటాయి. జ్వరాల కాలంలో మన మలేరియా మాత్రల డబ్బా ఎంత తొందరగా ఖాళీ అవుతుందో వార్డెన్ మేడమ్ గారికి తెలుసు. తూనీగ ఉన్నంత మాత్రాన దోమతెర మానెయ్యొద్దు. కాని మన తరపున దోమలను పట్టే పురుగు రెక్క మనమే చించటం ఎందుకు?

కాబట్టి చూడండి, లెక్కపెట్టండి, బొమ్మ వెయ్యండి. పట్టుకోవద్దు.

ఆలోచించండి

1. తూనీగ వాలినప్పుడు రెక్కలు చాపి ఉంచుతుంది, సీతాకోకచిలుక చాలాసార్లు పైకి మూస్తుంది. వచ్చే ఆదివారం చూసి రాయండి.

2. రెక్క ముందు అంచు మెత్తగా, వెనక అంచు గట్టిగా ఉంటే ఏమవుతుంది? పుల్లను రెండో అంచుకి మార్చి చూడండి.

జవాబులు రాసి గోడ పత్రిక కింద ఉన్న డబ్బాలో వెయ్యండి.

– 9వ తరగతి విద్యార్థిని