నావ బ్యాటరీని చార్జి చేయు విధము

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున వేలకొలది సరస్సులు కలవు. అచట గాలమువేయువారు చేపలు చప్పుడునకు బెదరకుండుటకై పెద్ద యంత్రము నాపి, ట్రోలింగు మోటారు అను చిన్న విద్యుత్ మోటారుతో పడవను మెల్లగా నడుపుదురు. దీనిని 1934లో, పొరుగున నున్న ఉత్తర డకోటాలోని ఫార్గో నగరమున ఓ. జి. ష్మిట్ అను నతడు నిర్మించెను. దీనికి బలమిచ్చునది బ్యాటరీ. నడిసరస్సులో అది సత్తువ యుడిగినచో తెడ్డే గతి. మన యిండ్లలోని ఇన్వర్టరుల సీసపు బ్యాటరీయు ఈ జాతిదే. కావున దాని పోషణ మనకును తెలియవలెను.

కారు బ్యాటరీ యంత్రమును కదల్చుటకు కొన్ని క్షణములు మాత్రమే అధిక విద్యుత్తు నిచ్చును. నావ బ్యాటరీ గంటల తరబడి కొద్దికొద్దిగా ఇచ్చును; అందుకై దాని పలకలు దళసరిగా నుండును. దీనినే డీప్ సైకిల్ బ్యాటరీ అందురు.

ఇందు సీసపు పలకలు, సీసపు డయాక్సైడు పలకలు పలుచని గంధకామ్లములో మునిగి యుండును. విద్యుత్తును వాడుకొనుకొలది రెండింటిపైనను సీసపు సల్ఫేటు ఏర్పడును, ఆమ్లము పలుచనగును. చార్జి చేయగా ఈ మార్పు వెనుకకు మరలును. కాని బ్యాటరీని ఖాళీగా వదలినచో సల్ఫేటు గట్టి స్ఫటికములై మరల కరగదు. బ్యాటరీలు ఎక్కువగా చెడునది ఇందువలననే. అందుచే సగమునకు మించి వాడక, వాడిన నాడే చార్జి చేయుట మేలు.

100 ఆంపియర్-గంటల బ్యాటరీకి 10 మొదలు 20 ఆంపియర్ల చార్జరు తగును. మొదట విద్యుత్తు వేగముగా నెక్కును. సుమారు అయిదింట నాలుగు పాళ్లు నిండిన పిదప వోల్టేజి 14.4 మొదలు 14.8 వరకు నిలిచి, ఆంపియర్లు క్రమముగా తగ్గును. ఈ చివరి పాలు మిక్కిలి నెమ్మది. తొందరపడి ఇచట ఆపుట పెద్ద పొరపాటు. ప్రతిసారి మిగిలిపోవు కొద్దిపాటి సల్ఫేటే కాలక్రమమున గట్టిపడును. నిండిన పిదప మంచి చార్జరు తానై 13.5 వోల్టుల ప్రాంతమునకు దిగును. చార్జరు తీసి కొన్ని గంటలు ఆగి కొలువగా 12.6 వోల్టులకు తగ్గనిచో అది నిండినట్లు, 12.1 ఉన్నచో సగమే మిగిలినట్లు.

చార్జి చేయునపుడు ఉదజని వాయువు వెలువడును. గాలిలో అది నూటికి 4 పాళ్లున్నను నిప్పురవ్వ తగిలిన ప్రేలును. కావున గాలి వచ్చు చోటనే చార్జి చేయవలెను. ముందు క్లిప్పులు తగిలించి, తరువాత స్విచ్చి వేయవలెను. విప్పునపుడు ముందు స్విచ్చి ఆపవలెను. మూతలు తెరువదగిన బ్యాటరీలో పలకలు మునుగునంత నీరున్నదో లేదో ముందే చూచి, చార్జి ముగిసిన పిదప గుర్తు వరకు స్వేదనజలము పోయవలెను, ఆమ్లము పోయరాదు. ఈ పని పెద్దలే కండ్లద్దాలు, తొడుగులు ధరించి చేయవలెను. మూసివేసిన బ్యాటరీని తెరువరాదు. లిథియము బ్యాటరీకి దాని చార్జరే వాడవలెను.

మిన్నెసోటాలో శీతకాలమున సరస్సులు గడ్డకట్టును. ఖాళీ బ్యాటరీలోని పలుచని ఆమ్లమును గడ్డకట్టి పెట్టెను పగులగొట్టును. నిండిన బ్యాటరీ ఆ చలికి తాళును. వాడకున్నను బ్యాటరీ కొంత కొంత తరుగును గనుక, నింపి దాచి, నెలకొకసారి కొలిచి చూచుట మేలు.

అభ్యాసము

1. 100 ఆంపియర్-గంటల బ్యాటరీలో సగము వాడితిమి. 10 ఆంపియర్ల చార్జరుతో లెక్క ప్రకారము 5 గంటలు చాలవలెను. నిజమునకు చాలవు. ఏల?

2. మీ యింటి ఇన్వర్టరు బ్యాటరీ యున్న చోట గాలి యాడుచున్నదా? తల్లిదండ్రులతో కలసి పరిశీలింపుడు.