తొలి కంప్యూటర్లలో మన లిపులు

ఆలేరులో నేడు చేతిఫోనుపై తెలుగును, ఉర్దూను సులభముగా వ్రాయుచున్న మనము తొలి కంప్యూటర్లను ఒకసారి స్మరింతము.

1984లో ఆరంభమైన ‘క్లాస్’ పథకమున, ఇంగ్లండులో రూపొందిన బి.బి.సి. మైక్రో మన దేశపు కొన్ని పాఠశాలలకు వచ్చినది. అచ్చట ఇండ్లలో వెలసిన యంత్రమును మనవారు బడిలో చూచిరి. దాని ప్రాసెసర్ 6502. మెమరీ 32 కిలోబైట్లు. అక్షరమునకు ఎనిమిది బిట్లు. వానితో ఏర్పడు సంకేతములు 256 మాత్రమే.

1991 నాటి ఇస్కీ ప్రమాణము వానిలో సగము ఆంగ్లమునకుంచి, మిగిలిన సగమున తెలుగునకు చోటిచ్చినది. ఉర్దూ లిపికి ఈయలేదు. రెండు భాషలు కలిసి చదువు మనకు అది చిన్న లోటు కాదు. ఆ ఏటనే వెలువడిన యూనికోడ్ ఉభయ లిపులను ఒకే పట్టికలో చేర్చినది.

యంత్రమునకు వేగము పెరుగుట గొప్పయే. అందు మన అక్షరములకు చోటు దొరకుట అంతకంటె గొప్ప.