ద్రాక్షతోటల యాత్ర: రుచి చూచుటయు, వెల కట్టుటయు

గత ఫాల్గుణమాసమున మన సంఘ సభ్యులు పదునొక్కరు మట్టెవాడనుండి బయలుదేరి, కాజీపేటలో రైలెక్కి, బెంగుళూరు మీదుగా నంది కొండల ప్రాంతమునకు పోయి, అచ్చటి ద్రాక్షతోటలను, వైను చేయు కార్ఖానాను చూచి వచ్చిరి. వారిని వెంటబెట్టుకొని పోయినవారము మేమే. ఈ సంగతి విని కొందరు నవ్విరి. మిరపయు ప్రత్తియు పండించువారికి సారా కార్ఖానాతో నేమి పని యని యడిగిరి. ప్రశ్న న్యాయమైనదే. మద్యపానమును మెచ్చుకొనుట మా తలంపు గాదు. త్రాగుడువలన చెడిన యిండ్లను మేమును చూచినవారమే. దారిఖర్చులు ఎవరివి వారే పెట్టుకొనిరి, సంఘపు సొమ్ము పైసయైన తాకలేదు. కొనవచ్చినవానికి సరకు రుచి చూపి, ఆ రుచిలోని తారతమ్యములను వానికి నేర్పి, ఆ మీదట వెల చెప్పు పద్ధతి యొకటి అచ్చట నడచుచున్నదని విని, దానిని మన రైతులకు చూపవలెనని పోయితిమి.

ఈ కోరికకు పాత కారణ మొకటి కలదు. మేము కొలువులో చేరిన క్రొత్తలో, ఇప్పటికి సుమారు ఇరువది యేండ్ల క్రిందట, ఒక రైతుచేత ఎకరము నేలలో ద్రాక్ష పెట్టించితిమి. రాతి కడీలు, ఇనుపతీగెలు, ఎరువులు, అన్నిటికిని ఆయన అప్పు తెచ్చెను. తీగె బాగుగా సాగెను. రెండవ యేట గుత్తులు దిగెను. పండు తీయగా నున్నదని మేమును ఆయనయు సంతోషించితిమేగాని, ఆ తీపు ఎంత, దానిని ఎవరు కొలుతురు, ఎవరు కొందురు అను మాట మా యిద్దరిలో నెవరికిని తోచలేదు. వచ్చిన వర్తకుడు గుత్తినుండి ఒక పండు త్రుంచి నోట వేసికొని, మొగము చిట్లించి, పులుపని చెప్పి వెలను సగము చేసెను. అది పులుపో కాదో తేల్చుటకు వాని నాలుక దప్ప మావద్ద వేరొక కొలత లేకపోయెను. మరుసటి యేడు కోతవేళ అకాలవర్షము కురిసి గుత్తులు క్రుళ్లెను. ఆయన పందిరి విప్పి, కడీలను పశువుల కొట్టమునకు పాతుకొనెను. ఇప్పటికిని ఆ త్రోవను పోవునప్పుడు ఆ కడీలు మాకు కనబడుచునే యుండును.

మన సీమకు ద్రాక్ష క్రొత్తది గాదు. అనాబ్-ఎ-షాహి యను రకము, అనగా రాజుగారి ద్రాక్ష, హైదరాబాదు తోటలలోనే పేరు తెచ్చుకొని దక్షిణదేశమంతటను ప్రాకినది. ఎకరమునకు అది యిచ్చిన రాబడిని గూర్చి పెద్దలు నేటికిని చెప్పుకొందురు. పిమ్మట భూగర్భజలము అడుగంటుటచేతను, పట్టణము పొలముల మీదికి పెరుగుటచేతను ఆ తోటలు చాలవరకు పోయినవి. రాజేంద్రనగరులో ద్రాక్ష పరిశోధన స్థానము మాత్రము కలదు. అయితే ఆ రాజద్రాక్ష తినుటకు తగినదిగాని వైనునకు పనికివచ్చునది గాదు. వైను ద్రాక్ష చిన్నది, తోలు మందము, గింజలు కలది. తినబోయిన చప్పరించి ఉమిసివేయుదుము.

నంది కొండలు చిక్కబళ్లాపురము జిల్లాలో నున్నవి. శిఖరము ఎత్తు 1,478 మీటర్లు. నెల్లూరు దగ్గర సముద్రమున గలియు మన పెన్నానది పుట్టుచోటు ఆ ప్రాంతమే. చుట్టుప్రక్కల గ్రామములలో తెలుగు మాటాడువారు విస్తారముగా నుండుటచే మావారికి పరదేశ మన్న బెరుకు కలుగలేదు. ఆ కొండల క్రింది నేలలలో బెంగుళూరు బ్లూ అను నల్లద్రాక్ష చిరకాలమునుండి పండుచున్నది. దానికి 2013లో భౌగోళిక గుర్తింపు లభించెను. ఫ్రెంచిదేశపు రకములను తెచ్చి 1988లో దొడ్డబళ్లాపురము వద్ద తోట వేసినవారు గ్రోవరు కుటుంబమువారు. కొండప్రాంతమునే యేల యెంచిరనిన: పగటి యెండ పండులో చక్కెరను పెంచును, రాత్రి చల్లదనము పులుపును నిలుపును. ఈ రెండును సరితూగిననే వైను రుచించును. మన వరంగల్లు రాత్రులు వేసవి ముదిరినకొలది చల్లారవు. తీపు వచ్చునుగాని పులుపు కరగిపోవును. కావున ఈ వ్యాసమును చదివి ఎవరును వైను ద్రాక్ష పెట్టుటకు తొందరపడవలదు. ఒకమారు మేము చేసిన తప్పు చాలును.

తోటలో మమ్ము త్రిప్పినది ఆ ప్రాంతపు రైతుబిడ్డయే, ఇరువదియైదేండ్ల పడుచు. ఐరోపాలో చలికాలమున తీగె నిద్రించును గనుక ఏడాదికి ఒక కత్తిరింపు చాలును. మన దేశమున ఆ నిద్ర లేదు గనుక రెండు కత్తిరింపులు: ఏప్రిలు ప్రాంతమున కొమ్మలకొరకు, సెప్టెంబరు, అక్టోబరులలో కాపుకొరకు. వానలు వెనుకబడిన పిమ్మట పండు ముదురునట్లుగా లెక్క కట్టి కోయుదురు. మా రైతు తోటలో ఆ లెక్క తప్పినందుననే వాన కొంప ముంచినదని అప్పుడు మాకు తెలిసెను. ఇంకొక సంగతి. మనము తమలపాకు తోటలకును నిమ్మచెట్లకును చల్లు బోర్డో మిశ్రమము ద్రాక్షతోటలలో బుట్టినదే. బోర్డో ప్రాంతపు రైతులు బాటసారులు పండ్లు దొంగిలించకుండుటకై దారి ప్రక్క తీగెలకు మైలుతుత్తము, సున్నము కలిపిన నీరు చల్లుచుండిరి. ఆ తీగెలకు మాత్రము బూజు తెగులు రాకుండుట 1882లో మిల్లార్డే అను ఆచార్యుడు చూచి, పరిశోధించి, 1885లో లోకమునకు వెల్లడించెను. దొంగల భయము తెగులునకు మందైనది. నూరు లీటర్ల నీటికి ఒక కిలో మైలుతుత్తము, ఒక కిలో సున్నము అను కొలత మనవారు ఎరిగినదే.

పండ్ల బండి కార్ఖానా గుమ్మమునకు వచ్చినప్పుడు జరిగినదానిని చూచుటకే మేము ఇంత దూరము పోయితిమని చెప్పవచ్చును. కాటా వేసిన పిమ్మట ఒక కుఱ్ఱవాడు వేర్వేరు గంపలనుండి పండ్లు తీసి పిండి, ఆ రసపు చుక్కను రిఫ్రాక్టోమీటరు అను జానెడు గొట్టము గాజుమీద నుంచి వెలుతురునకు పట్టి చూచెను. నూరు పాళ్ల రసములో చక్కెర యెంతయో దానిలో గీతగా కనబడును. దానిని బ్రిక్సు అందురు. తినుపండునకు పదునెనిమిది పాళ్లున్న మేలు. వైనునకు ఇరువదిరెండు మొదలు ఇరువదినాలుగు వరకు ఉండవలెను. కుఱ్ఱవాడు చూచిన పిమ్మట ఆ గొట్టమును బండి తోలుకొని వచ్చిన రైతు చేతి కిచ్చెను. ఆయన కన్ను పెట్టి చూచి తల యూచెను. అంకె చీటీపై కెక్కెను. మా జట్టులోని పెద్ద సభ్యుడొకడు ఆయనను సమీపించి, "అన్నా, మీరు సుత చూస్తరా?" అని యడిగెను. "మా పండే గదా! మేము చూడకుంటే ఎట్ల?" అని ఆ రైతు నవ్వెను. ఈ మాటకు మావాడు బదులు పలుకలేదు. రైలులో తిరిగివచ్చునప్పుడు మాత్రము దానినే రెండుమార్లు తలచుకొనెను.

లోపలి పనిని కల్లు తెలిసినవారికి విప్పి చెప్పనక్కరలేదు. తెల్లవారుజామున దింపిన కల్లు తీయగా నుండి, ఎండ యెక్కిన కొలది పొంగి, మరునాటికి పుల్లనగును గదా. లొట్టిలో పొంగించునది కంటికి కనబడని ఈస్టు అను జీవి. అది చక్కెరను తిని మద్యసారమును, బొగ్గుపులుసు గాలిని విడుచును. వైనులోను పని అదియే. భేదమెల్ల అదుపులో నున్నది. లొట్టికి ఎండ యెంతో గాలి యెంతో మన చేతిలో లేదు. కార్ఖానాలో ఉక్కు తొట్ల చుట్టును చల్లదనము పారించి, తెల్లవైనును పండ్రెండు మొదలు పదునెనిమిది డిగ్రీలలోను, ఎఱ్ఱవైనును ఇరువదియైదు మొదలు ముప్పది డిగ్రీలలోను పులియబెట్టుదురు. ఎఱ్ఱరంగు రసమునది గాదు, తోలుది. నల్లద్రాక్షను పిండిన చాలమట్టుకు తెల్లరసమే వచ్చును. తోలుతో కూడ నానబెట్టి పులియజేసిన ఎఱ్ఱనగును, వగరు నెక్కును. ఇరువదినాలుగు పాళ్ల తీపు గల రసము పూర్తిగా పులిసిన నూటికి సుమారు పదమూడు పాళ్ల మద్యసారము కట్టును. కొంత సరకును ఓకు కొయ్య పీపాలలో నెలల తరబడి నిలువయుంతురు. ముప్పాతిక లీటరు సీసాకు కొంచెము హెచ్చుతగ్గుగా కిలో పండు పట్టును.

పిమ్మట రుచి చూపు గది. పొడుగు బల్ల, తెల్లగుడ్డ, గాజు గ్లాసులు, నడుమ ఒక ఉమ్మితొట్టి. ఈ తొట్టిని చూచి మావారు ఆశ్చర్యపడిరి. నేర్పరులు మ్రింగరట, నోట త్రిప్పి ఉమియుదురట. రెండు గ్రుక్కలు లోపలికి పోయిన తరువాత నాలుక సాక్ష్యము చెల్లదని ఆ పడుచు చెప్పెను. మొదట గ్లాసును తెల్లగుడ్డమీదికి వంచి రంగు చూడవలెను. తరువాత గుండ్రముగా త్రిప్పి వాసన పట్టవలెను. అటుపిమ్మట ఒక గ్రుక్క. తీపు, పులుపు, వగరు వేర్వేరుగ గమనించి, నోటిలో ఎంతసేపు నిలుచునో చూడవలెను. తెల్లవి ముందు, ఎఱ్ఱవి వెనుక. వగరనగా నేమని యామె యడుగగా మావారు నేరేడుపండు, పచ్చి అరటికాయ, మామిడి జీడి యని ఒక్క గొంతుతో చెప్పిరి. ఆ పాఠమున మావారికి గురువు అక్కరలేకపోయెను.

జట్టులో ముగ్గురు మద్యము ముట్టనివారు. వారిని ఎవరును నిర్బంధింపలేదు. వారిలో ఒకరు, మిరపసాగులో తల నెరసినవారు, మ్రింగకయు నాలుక తాకింపకయు వాసన మాత్రమే పట్టి, మూడవ గ్లాసు కొయ్య పీపాలో నున్నదని చెప్పిరి. అది నిజమే. ఎట్లు తెలిసెనని యడుగగా, "పాత గరిసె వాసన" అని యనిరి.

ఈ రుచి చూపు పద్ధతి మన దేశమున పాతది గాదు. నాసికలోని సులా తోటవారు 2005లో తమ కార్ఖానాలో అట్టి గదిని తెఱచిరి. నేడు జనులు దూరప్రాంతములనుండి అది చూచుటకే పోవుచున్నారు. వచ్చినవాడు చూచి, అడిగి, రుచి తెలిసికొని, ఆ గడపలోనే సీసా కొని పోవును. కాని దీని రెండవ ముఖమునుగూడ చెప్పకున్న మేము మరల తప్పు చేసినవార మగుదుము. 2008 తరువాతి యేండ్లలో అమ్మకములు పడిపోగా మహారాష్ట్రమున పెక్కు చిన్న కార్ఖానాలు మూతబడెను. వానిని నమ్మి వైను ద్రాక్ష పెట్టిన రైతులకు పండు కొనువాడు లేక తీగెలు పెరికివేయవలసివచ్చెను. బజారులో తినుటకమ్ముదమన్న ఆ పండును ఎవరును కొనరు గదా. ఒక్క కొనుగోలుదారుకు తప్ప పనికిరాని పంటను వేయువాడు ఒప్పందపు కాగితమును రెండుమార్లు చదివించుకొనవలెను.

ఇట్టి చిక్కులోనుండియే ద్రాక్షరైతుల సహకారము పుట్టినది. జర్మనీదేశమున ఆర్ నదీలోయలో కొండచరియలు నిట్టనిలువుగా నుండును. పలకరాతి నేల, మెట్లు మెట్లుగా తోటలు. వర్తకులు చెప్పినదే వెలగా నుండిన కాలమున, 1868లో మైషోస్ గ్రామపు రైతులు పదునెనిమిదిమంది కలసి, తమ పండ్లను ఒక్కచోట చేర్చి, ఒక్క నేలమాళిగలో వైను చేసి, తామే అమ్మనారంభించిరి. అట్టి సంఘములలో అది మొదటిదని చెప్పుదురు. మనకు పూజ్యుడైన రైఫైజెన్ గ్రామ పరపతి సంఘములను నిలబెట్టినది రైను నదికి ఆవలి యొడ్డున, ఆ కాలముననే. ఆ సంఘములను పరిశీలించి సర్ ఫ్రెడరిక్ నికల్సన్ చెన్నపట్టణపు ప్రభుత్వమునకు నివేదిక సమర్పించిన పిమ్మట 1904లో మన దేశపు తొలి సహకార చట్టము వచ్చినది. 2021 జులైలో ఆర్ నది పొంగి ఆ లోయను ధ్వంసము చేసినప్పుడు, అచ్చటివారు బురద పట్టిన సీసాలను కడుగకయే అమ్మగా, జనులు కొనిరి.

తెలుగుసీమలో మద్యముతో పనిలేని దృష్టాంతము అరకులో కలదు. అచ్చటి గిరిజన రైతుల సహకార సంఘపు కాఫీని నేర్పరులు గిన్నెలలో పోసి వాసన పట్టి, రుచి చూచి, మేలురకములను ఏర్పరింతురు. అరకు కాఫీకి పారిసు నగరమున 2017లో దుకాణము, 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చినవి.

ఇక మన యెనుమాముల మార్కెట్టు సంగతి. మన చపాట మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. కారము తక్కువ, రంగు మిక్కుటము. ఆ రంగునకే వెల. అయినను బస్తా మూతి విప్పినప్పుడు వర్తకుడు పిడికెడు కాయలు తీసి, ఒకటి విఱిచి, గింజ చూచి, చెవి దగ్గర ఆడించి, అర్ధనిమిషములో వెల పలుకును. రైతు ఆ అర్ధనిమిషము వాని మొగము చూచుచు నిలుచును. వాడు విఱిచిన కాయలో నేమి చూచెనో తెలిసినవారు చేతులెత్తుడని రైలులో మేమడుగగా, పదునొక్కరిలో నలుగురే యెత్తిరి.

కావున రాబోవు మిరపకోతల మొదటి ఆదివారమున ఉదయము ఎనిమిది గంటలకు సంఘము ఆవరణలో కాయల కుప్పలు వేర్వేరుగ పోయబడును: టార్పాలినుమీద ఎండినవి, వట్టినేలపై ఎండినవి, మంచు తగిలినవి, తాలు కలసినవి. ఏ కుప్ప ఏదో ముందుగా చెప్పబడదు. ప్రతి సభ్యుడును రంగు, తేమ, తాలు చూచి తన లెక్క చీటీపై వ్రాయవలెను. వ్రాయనేరనివారికి మేము వ్రాసి యిత్తుము. చీటీలు పెట్టెలో పడిన పిమ్మటనే వర్తకుని పిలిచి ఆయనచేత వెల చెప్పింతుము. ఎవరెవరి లెక్క ఆయన లెక్కకు ఎంత దూరమున నున్నదో, ఎందుచేతనో, అక్కడనే మాటాడుకొందము. రాగోరు సభ్యులు తమ పొలపు కాయలు రెండేసి కిలోలు వెంట తేవలెను. తాలును ఏరివేసి తేవలదు. కళ్లములో ఉన్నవి ఉన్నట్లే తేవలెను.