పిల్లల హ్రస్వదృష్టి: వెలుగు, కటకం, ఉమ్మెత్త

డిసెంబరు మాసంలో కొలోన్ నగరంలో పగటి నిడివి సుమారు 8 గంటలు మాత్రమే. అదే కాలంలో హైదరాబాదులో పగలు 11 గంటలుంటుంది. ఇక్కడ పిల్లలు బడి నుంచి ఇల్లు చేరి భోజనం ముగించేసరికే పొద్దు వాలిపోతుంది. ఆ తరువాత ఇంటిపని, తెలుగు పాఠం, కంప్యూటరు. అన్నీ నాలుగు గోడల మధ్యనే, అన్నీ కంటికి దగ్గరగానే. ఇటువంటి ఇంటికి ఒకనాడు బడి నుంచి చీటీ వస్తుంది: అమ్మాయికి నల్లబల్ల మీది అక్షరాలు కనబడడం లేదని. కళ్ళజోడు వస్తుంది. ఏటేటా దాని పవరు పెరుగుతుంది. ఈ పెరుగుదల వేగాన్ని తగ్గించడం సాధ్యమేనని గత రెండు దశాబ్దాల పరిశోధనలు నిరూపించాయి.

పొడవు పెరిగిన కన్ను

దృశ్యబింబం కంటి వెనుక పొరయైన రెటీనాపై ఏర్పడుతుందని 1604లో జర్మన్ శాస్త్రజ్ఞుడు కెప్లర్ వివరించాడు. పెద్దవారి కనుగుడ్డు ముందు నుంచి వెనుకకు సుమారు 24 మిల్లీమీటర్లు ఉంటుంది. హ్రస్వదృష్టి గల పిల్లలలో అది మితిమీరి పొడవవుతుంది. అందువలన దూరపు వస్తువుల బింబం రెటీనాకు ముందే ఏర్పడి, చూపు మసకబారుతుంది. పుటాకార కటకం ఆ బింబాన్ని వెనుకకు నెట్టి రెటీనాపై నిలుపుతుంది. కాని సాగిన కన్నును తిరిగి పొట్టిగా చేయలేదు.

అసలు ప్రమాదం ఇక్కడే ఉన్నది. పవరు మైనస్ 6 డయాప్టర్లు దాటిన కళ్ళలో రెటీనా సాగి పలచబడుతుంది. నడివయస్సులో అది ఊడిపోవడం, దాని మధ్యభాగం క్షీణించడం, నీటికాసులు అనబడే గ్లాకోమా రావడం వంటి ముప్పులు అధికమవుతాయి. తుది పవరు ఒక్క డయాప్టరు తగ్గినా రెటీనా మధ్యభాగపు వ్యాధి వచ్చే అవకాశం సుమారు 40 శాతం తగ్గుతుందని 2019లో వెలువడిన ఒక విశ్లేషణ తెలిపింది. కనుక బాల్యంలో ఆదా చేసిన ప్రతి డయాప్టరూ వార్ధక్యానికి దాచిన ధనమే.

వంశమా, వాతావరణమా?

తల్లిదండ్రులకు హ్రస్వదృష్టి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ. అయితే వంశం ఒక్కటే కారణం కాదు. హెర్మన్ కోన్ అనే వైద్యుడు నాటి జర్మన్ నగరం బ్రెస్లావ్‌లో 10,060 మంది విద్యార్థులను పరీక్షించి 1867లో ఫలితాలు ప్రకటించాడు. పల్లెబడులలో అరుదైన ఈ లోపం, చదువు మెట్టు పెరిగేకొద్దీ హెచ్చినట్లు ఆయన గమనించాడు. మన వైపు చూస్తే, 2002లో ప్రచురితమైన సర్వేలలో మహబూబ్‌నగర్ జిల్లా గ్రామాల 7-15 ఏళ్ళ పిల్లలలో హ్రస్వదృష్టి 4.1 శాతం కాగా, ఢిల్లీలోని 5-15 ఏళ్ళ పిల్లలలో 7.4 శాతంగా తేలింది.

ప్రవాసులకు మరింత ఆసక్తి కలిగించేది 2008 నాటి అధ్యయనం. చైనా సంతతికే చెందిన 6-7 ఏళ్ళ పిల్లలను రెండు నగరాలలో పరిశీలించారు. సింగపూరులో 29.1 శాతం మందికి హ్రస్వదృష్టి ఉండగా, సిడ్నీలో 3.3 శాతం మందికే ఉన్నది. సిడ్నీ పిల్లలు వారానికి సుమారు 14 గంటలు ఆరుబయట గడిపారు. సింగపూరు పిల్లలు గడిపినది 3 గంటలే.

ఆరుబయటి వెలుగు

ఇంటి దీపాల కాంతి సాధారణంగా 300-500 లక్స్. మబ్బు పట్టిన పగలు కూడా ఆరుబయట అంతకు ఎన్నో రెట్ల వెలుగు ఉంటుంది. ప్రకాశవంతమైన కాంతికి రెటీనాలో డోపమిన్ విడుదలై, కనుగుడ్డు పెరుగుదలను అదుపు చేస్తుందని జంతువులపై జరిపిన ప్రయోగాలు సూచిస్తున్నాయి. గ్వాంగ్‌జౌ నగరపు బడులలో రోజుకు 40 నిమిషాల ఆరుబయటి తరగతిని అదనంగా చేర్చారు. మూడేళ్ళలో కొత్తగా హ్రస్వదృష్టి వచ్చినవారు ఆ బడులలో 30.4 శాతం, మిగిలిన బడులలో 39.5 శాతం అని 2015లో వెల్లడైంది. అయితే లోపం రాకుండా కాపాడడంలో వెలుగు చేసే మేలు, వచ్చిన తరువాత దాని వేగం తగ్గించడంలో అంతగా కనబడదు. అప్పుడు వైద్యసహాయం కావాలి.

ఉమ్మెత్త నుంచి కంటిచుక్కలకు

మన ఊళ్ళలో విషమొక్కగా పేరుపడిన ఉమ్మెత్తలోను, ఐరోపాలోని బెల్లడోనాలోను ఒకే కుటుంబపు ఆల్కలాయిడ్లు ఉన్నాయి. 1819లో రుంగె అనే యువ రసాయనవేత్త, బెల్లడోనా సారంతో విశాలమైన పిల్లి కనుపాపను మహాకవి గొయ్‌టెకు చూపించాడు. ఆ ప్రభావానికి మూలమైన అట్రోపిన్‌ను మైన్ అనే జర్మన్ ఔషధకారుడు 1831లో వేరుచేశాడు.

గాఢమైన అట్రోపిన్ చుక్కలు హ్రస్వదృష్టి వేగాన్ని తగ్గిస్తాయి గాని, వెలుగు చూడలేకపోవడం, దగ్గరి అక్షరాలు మసకబారడం అనే ఇబ్బందులు కలుగుతాయి. అందువలన మోతాదు తగ్గించి పరీక్షించారు. 2019లో ప్రకటించిన హాంకాంగ్ అధ్యయనంలో ఏడాదిలో పెరిగిన పవరు, మందులేని చుక్కలు వేసినవారిలో 0.81 డయాప్టరు, 0.01 శాతం మందుతో 0.59, 0.05 శాతం మందుతో 0.27. కాగా 2023లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో 0.01 శాతం చుక్కల వలన ప్రయోజనం కనబడలేదు. అందుచేత మోతాదును నిర్ణయించవలసినది నేత్రవైద్యుడే. ఈ మొక్కలతో ఇంటివైద్యం ప్రాణాంతకం.

ప్రత్యేక కటకాలు రెండవ మార్గం. అంచుభాగంలో చిన్నచిన్న కటకాలు పొదిగిన ఒక రకం కళ్ళజోడు, హాంకాంగ్‌లో జరిగిన రెండేళ్ళ పరీక్షలో పవరు పెరుగుదలను సుమారు సగానికి తగ్గించింది.

తల్లిదండ్రుల కర్తవ్యం

“అద్దాలు పెడితే పవరు పెరుగుతుంది, తక్కువ పవరుతో సరిపెట్టండి” అనే సలహా మన ఇళ్ళలో నేటికీ వినబడుతుంది. ఇది పొరపాటు. మలేషియాలో జరిగి 2002లో వెలువడిన పరిశోధనలో, తక్కువ పవరు అద్దాలు ధరించిన పిల్లలలోనే లోపం మరింత వేగంగా పెరిగింది. సరియైన పవరు ఇప్పించాలి. ఆరు నెలలకొకసారి పరీక్ష చేయించి, వీలైనచోట కనుగుడ్డు పొడవును కూడా కొలిపించాలి. చదువు మధ్యలో కళ్ళకు విరామమివ్వాలి. రోజుకు రెండు గంటలు ఆరుబయట గడిపించాలి.

కొలోన్‌లో అందుకు చోటు కొరత లేదు. 1920ల్లో మేయరు అడెనావర్ పాత కోటల స్థలంలో ఏర్పరచిన హరితవలయం నేటికీ నగరాన్ని చుట్టి ఉన్నది. రైన్ తీరం ఉండనే ఉన్నది. వేమన పద్యం వల్లె వేయడానికి పుస్తకం అక్కరలేదు, దీపం అక్కరలేదు. మబ్బు పట్టిన శనివారం మధ్యాహ్నమైనా సరే, తెలుగు పాఠాన్ని గదిలో నుంచి నదీతీరానికి మార్చగలిగితే భాషకూ మేలే, కంటికీ మేలే.